క్రిస్మస్‌కు జమైకా సోరెల్ పానీయం

సభ్యులందరికీ నమస్కారం. జమైకాలో క్రిస్మస్‌కు ఇంటికి వచ్చిన అతిథులకు ఇచ్చే ఎర్రటి సోరెల్ పానీయం తయారీని కొందరు అడిగినందువల్ల ఇక్కడ రాస్తున్నాను. దీనిని మన పెరటి మందార పువ్వులతో చేయరు. ఎర్ర గోంగూర మొక్కకు పూరేకులు రాలిన తరువాత కాయను చుట్టుకొని మిగిలే, పులుపుగా, కండగా ఉండే ఎర్రటి తొడుగులతో చేస్తారు. పగటి నిడివి తగ్గే కాలంలో పూసే మొక్క కనుక పంట సరిగ్గా పండుగ వేళకే అందివస్తుంది.

2 లీటర్ల నీటిలో దంచిన అల్లం దండిగా, 6 లవంగాలు, కొద్దిగా నారింజ తొక్క, దొరికితే అక్కడ పిమెంటో అని పిలిచే ఆల్‌స్పైస్ గింజలు నాలుగు వేసి మరిగించి, పొయ్యి ఆపాక 2 కప్పుల ఎండు తొడుగులను కడిగి వేసి, మూతపెట్టి రాత్రంతా నాననివ్వాలి. పులుపు ఎక్కువ కనుక అల్యూమినియం గిన్నె వద్దు, స్టీలు గిన్నె వాడండి. మర్నాడు వడకట్టి తీపి కలిపి ఫ్రిజ్‌లో ఉంచండి. అక్కడి పెద్దలు రమ్ము కూడా కలుపుతారు. అది లేకపోయినా రుచికి లోటుండదని నా అభిప్రాయం.

ఇందులో కెఫీన్ ఉండదు, రక్తపోటును కొంత తగ్గించే గుణం ఉంది. అయితే చక్కెర గుమ్మరిస్తే ఆరోగ్య పానీయమన్న మాటకు అర్థముండదు. రక్తపోటు మందులు వాడేవారు, గర్భిణులు వైద్యుని అడిగిన తరువాతే తాగాలి.