లెక్క అడిగే కౌన్సిల్ లేనప్పుడు వచ్చిన కోట్లు

సంపాదకులకు నమస్కారం.

నగరాల్లో వసతులు మెరుగుపరచడానికి కేంద్రం పెట్టిన స్మార్ట్ సిటీ మిషన్ గడువు 2025 మార్చి 31తో ముగిసింది. దేశం మొత్తం మీద ఎనిమిది వేలకు పైగా పనులు చేపట్టామనీ, వాటి విలువ 1.6 లక్షల కోట్ల రూపాయల పైమాటేననీ, తొంభై శాతానికి పైగా పనులు పూర్తయ్యాయనీ కేంద్రం చెబుతోంది. కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు. కానీ మన రాష్ట్రానికి సంబంధించి ఒక సంగతి మీద జరగాల్సినంత చర్చ జరగలేదు. విశాఖపట్నం, కాకినాడ, తిరుపతి నగరాలను ఈ పథకానికి ఎంపిక చేసిన 2016లో ఆ మూడింటిలో ఒక్కదానికి కూడా ఎన్నికైన పాలకవర్గం లేదు. (అమరావతి పేరు ఆ తర్వాతి ఏడాది చేరింది. అక్కడ ఊరే కొత్తది కాబట్టి దాన్ని పక్కన పెడుతున్నాను.)

విశాఖ కౌన్సిల్ గడువు 2012లో తీరిపోతే మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. తిరుపతి 2007లో కార్పొరేషన్ అయింది, తొలి కార్పొరేషన్ ఎన్నిక చూసింది కూడా 2021లోనే. మా కాకినాడలో 2010లో పాలకవర్గం దిగిపోయాక 2017 ఆగస్టు దాకా ఎన్నికలు లేవు. ఆ వచ్చిన కౌన్సిల్ గడువు 2022 సెప్టెంబరులో ముగిసింది, మళ్లీ ప్రత్యేకాధికారి పాలన వచ్చింది. అంటే మా ఊళ్లో పథకం మొదలైనప్పుడూ కౌన్సిల్ లేదు, పథకం ముగిసినప్పుడూ లేదు. గడువు తీరేలోపే ఎన్నికలు పూర్తి చేయాలని రాజ్యాంగం 243యు అధికరణంలో స్పష్టంగా రాసి ఉంది.

నేను మున్సిపల్ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరైన వాడిని. ఒక్కో నగరానికి కేంద్రం 500 కోట్లు, దానికి సమానంగా రాష్ట్రం, నగరపాలక సంస్థ కలిసి ఇంకో 500 కోట్లు పెట్టాలన్నది లెక్క. మామూలుగా ఇంత డబ్బు ఊళ్లోకి వస్తే అది బడ్జెట్‌లో కనిపించాలి, స్టాండింగ్ కమిటీ చూడాలి, కౌన్సిల్లో చర్చకు రావాలి. స్మార్ట్ సిటీ డబ్బు ఆ దారిన రాలేదు. దానికోసం కంపెనీల చట్టం కింద ఒక ప్రత్యేక కంపెనీ పెట్టారు. అందులో సగం వాటా రాష్ట్రానిది, సగం ఊరిది. ఛైర్మన్‌గా డివిజనల్ కమిషనర్, కలెక్టర్, మున్సిపల్ కమిషనర్, పట్టణాభివృద్ధి సంస్థ అధికారి, వీళ్లలో ఒకరిని పెట్టుకోవచ్చని కేంద్ర మార్గదర్శకాల్లో ఉంది. ఆ వరసలో మేయరు పేరు లేదు. పైగా ఈ ప్రాజెక్టుకు సంబంధించి కౌన్సిల్‌కున్న హక్కులూ బాధ్యతలూ కంపెనీకి అప్పగించేలా చూడమని అవే మార్గదర్శకాలు రాష్ట్రాలను ప్రోత్సహించాయి. ఎంపీ, ఎమ్మెల్యే, మేయరు, కలెక్టరు కూర్చునే సలహా సంఘం ఒకటి పెట్టమన్నారు. పేరులోనే ఉంది కదా, అది సలహా మాత్రమే.

పని త్వరగా అవ్వాలని అలా చేశామంటారు. అందులో కొంత నిజముంది. కౌన్సిల్లో ఫైలు నెలల తరబడి నానడం నేను స్వయంగా చూశాను. కార్పొరేటర్లంతా సత్యహరిశ్చంద్రులేమీ కాదు, కోట్ల రూపాయల అంశాన్ని ఆఖరి నిమిషంలో టేబుల్ ఎజెండాగా తెచ్చి చదవకుండానే పాస్ చేసేయడం మన ఊళ్లలో కొత్త కాదు. కౌన్సిల్ ఉండి కూడా ఊరు దివాలా తీసిన సందర్భాలు బయటి దేశాల్లోనూ ఉన్నాయి. ఇంగ్లండులో వోకింగ్ అని లక్ష పైచిలుకు జనాభా ఉన్న పట్టణం ఉంది. ఊరి నడిబొడ్డును మళ్లీ కళకళలాడిస్తామని సొంత కంపెనీల ద్వారా హోటలూ, ఎత్తైన భవనాలూ కట్టించడానికి అక్కడి కౌన్సిల్ వంద కోట్ల పౌండ్లకు పైగా అప్పు చేసింది. 2023 జూన్‌లో ఇక ఖర్చులకు డబ్బు లేదని ప్రకటించాల్సి వచ్చింది. కార్యవర్గంలో లేని సభ్యులతో పరిశీలనా సంఘాలు పెట్టి పాలకులను ప్రశ్నించే పద్ధతి అక్కడ 2000 నుంచి చట్టంలోనే ఉంది. అయినా ఆ అప్పును ఆపలేకపోయారు. కాకపోతే అక్కడ ఎవరిని నిలదీయాలో జనానికి తెలుసు. ఇక్కడ ప్రత్యేకాధికారి బదిలీ అయిపోతే ఎవరిని అడగాలి?

పనితీరు కొలిచిన పద్ధతి మీదే నాకు అసలు అభ్యంతరం. ఈ మిషన్ లక్ష్యాల్లో ఆర్థిక వృద్ధి ముందు వరసలో ఉంది. లెక్క మాత్రం ‘పని పూర్తయింది, బిల్లు చెల్లించాం’ దగ్గరే ఆగిపోతోంది. ఒక మార్కెట్ కాంప్లెక్స్ కడితే ఎన్ని షాపులు వేలంలో పోయాయి, అద్దె ఎంత వస్తోంది, పాత చోట కూరగాయలు అమ్ముకున్నవాళ్లకు లోపల చోటు దొరికిందా లేదా? బీచ్ రోడ్డు బాగు చేస్తే అక్కడి చిరు వ్యాపారుల అమ్మకాలు పెరిగాయా, లేక వాళ్లనే అక్కణ్నుంచి లేపేశారా? ఇంజినీర్ల రికార్డుల్లో వీటికి జవాబు దొరకదు. ఆ వార్డు కార్పొరేటరు లేచి అడిగితేనే బయటికొస్తుంది. అతను రాజకీయం కోసమే అడగనివ్వండి, నష్టమేం లేదు.

నిర్వహణ ఖర్చుది ఇంకో తలనొప్పి. ఊరంతటినీ కెమెరాలతో ఒకే చోటి నుంచి కనిపెట్టే కమాండ్ కంట్రోల్ సెంటర్లు ఈ పథకంలోని వంద నగరాల్లోనూ పెట్టారు. కెమెరాలు, సర్వర్లు, తెరలు అన్నీ మిషన్ డబ్బుతో వచ్చాయి. కరెంటు బిల్లు, ఏటా మెయింటెనెన్స్ కాంట్రాక్టు, ఏడెనిమిదేళ్లకు పాతబడిన యంత్రాలు మార్చడం, ఇవన్నీ ఇకమీదట సింహభాగం నగరపాలక సంస్థ సాధారణ నిధుల మీదే పడతాయి. ఆ నిధులంటే ఆస్తి పన్ను, షాపుల అద్దెలు, ఆశీళ్లు. రేపు ఇంటి పన్ను పెరిగితే అందులో ఎంత భాగం ఈ బాపతో జనానికి తెలియాలి కదా. ఇంత బరువు నెత్తికెత్తుకునే ముందు ఊరి తరఫున సరే అన్నది ఎన్నికైన మనిషి కాదు.

మిషన్ ముగిసినా ఈ కంపెనీలను మూసేయకుండా వేరే పనులకు వాడుకోవచ్చని కేంద్రం సూచించింది. కాబట్టి ఇదంతా గడిచిపోయిన గొడవ అనుకోవడానికి లేదు. ‘ఆర్థిక, సామాజిక అభివృద్ధి ప్రణాళిక’ను పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగ్గ అంశంగా రాజ్యాంగం పన్నెండో షెడ్యూలు 1993 నుంచి పేర్కొంటూనే ఉంది. ఊరికి సగం వాటా ఉన్న కంపెనీ తన లెక్కలు ఊరి కౌన్సిల్ ముందు పెట్టడానికి ఇంతకన్నా ఏం కావాలి?

నేను కోరేది పెద్దదేం కాదు. మూడు నెలలకోసారి కౌన్సిల్ ఎజెండాలో స్మార్ట్ సిటీ కంపెనీ పేరుతో ఒక అంశం ఉండాలి. ప్రతి ఆస్తికీ పెట్టిన ఖర్చు, దాని మీద వస్తున్న ఆదాయం, నెలవారీ నిర్వహణ ఖర్చు ఒకే కాగితం మీద తెలుగులో రాసి సమావేశానికి వారం ముందు కార్పొరేటర్లకు ఇవ్వాలి. కాపీ ఒకటి నోటీసు బోర్డులో పెట్టాలి. ప్రతిపక్ష సభ్యుడు అధ్యక్షుడిగా చిన్న కమిటీ వేసి, కంపెనీ సీఈవోను పిలిచి అడిగే అధికారం దానికి ఇవ్వాలి. ప్రత్యేకాధికారి పాలన నడుస్తున్న ఊళ్లో మాత్రం ఈ కంపెనీ కొత్త అప్పుగానీ, ఒక ఏడాది దాటిన నిర్వహణ ఒప్పందంగానీ చేసుకోకుండా మున్సిపల్ శాఖ ఒక జీవో ఇస్తే చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత మున్సిపల్ ఉద్యోగి,
కాకినాడ.