గేట్‌వేకి 12 కిలోమీటర్లు అన్నారు, మధ్యలో సముద్రం ఉందని చెప్పలేదు

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,
హోటల్ బుకింగ్ విభాగం

విషయం: ముంబై పేరు మీద ఉరణ్‌లో రూములు అమ్మడం, మేం ఉండని రాత్రుల డబ్బులు తిరిగి ఇవ్వకపోవడం గురించి

నమస్తే అండీ,

మీ చాట్‌లో అడిగాను, ఫోన్‌లో అడిగాను. చివరికి వచ్చిన జవాబు ఒక్కటే: "దూరాలను నేరుగా గీసిన గీత ప్రకారం లెక్కిస్తాం, ఆ సంగతి షరతుల్లో ఉంది, మీ బుకింగ్ నాన్ రిఫండబుల్." ఆ వెంటనే ఫిర్యాదు క్లోజ్ చేసేశారు. అది మనిషి ఇచ్చిన జవాబో మిషన్ ఇచ్చిందో తెలీదు కానీ, మనిషైతే ఒక్కసారి ముంబై మ్యాప్ తెరిచి చూసేవాడు కదా అనిపించింది, అందుకే ఈసారి అంతా వివరంగా రాస్తున్నా, కొంచెం పొడుగవుతుంది.

మాది సిరిసిల్ల. మా అమ్మ, బాపు, నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, మా ఆరుగురిలో ఎవరూ అంతకుముందు ముంబై చూడలేదు. మావైపు నేతపని ఇళ్లల్లో ముంబై అంటే పరాయి ఊరు కాదు, మా పెద్దబాపు వయసులో ఉండగా లోయర్ పరేల్‌లో ఒక బట్టల మిల్లులో పనిచేసి 1982 సమ్మె తర్వాత వెనక్కి వచ్చేశాడు, ఆయన చెప్పిన కథలు వింటూ పెరిగిన బాపుకి ఒక్కసారైనా ఆ వీధుల్లో నడవాలని ఉండేది. మిల్లులు పోయి మాల్స్ వచ్చాయని చెప్పినా, అదైనా చూద్దాం పదరా అన్నాడు. ఇదంతా మీకు అక్కర్లేని సంగతే, కానీ హోటల్ ఎక్కడ ఉండాలన్నది మాకు ఎందుకంత ముఖ్యమో తెలియాలని చెప్తున్నా. అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేదు, ఎక్కువసేపు నిలబడలేదు. అందుకని బాగా ఆలోచించి, గేట్‌వే ఆఫ్ ఇండియా పెట్టి దానికి ఎంత దూరం అన్న వరుసలో మీ యాప్‌లో వెతికాను.

మీ యాప్ చూపించిన వరుస ఇది, స్క్రీన్‌షాట్లు జతచేశాను. దాదర్‌లో హోటళ్లు 11 కి.మీ. ఆ వెంటనే మేం బుక్ చేసిన హోటల్, 12 కి.మీ. దాని కింద బాంద్రా 15, ఇంకా కింద అంధేరీ 22. మేం తీసుకున్న దాని అడ్రస్ దగ్గర "ఉరణ్, ముంబై" అని ఉంది. ముంబై మొహం ఎరగనివాడికి బైకుల్లా ఒక పేరు, ఉరణ్ ఒక పేరు, రెండూ ఆ ఊళ్లో పేటలే అనుకుంటాడు. దాదర్‌లో రూము నాలుగు వేలు, ఇది రెండు వేల ఎనిమిది వందలు. ఒక్క కిలోమీటరు తేడాకి ఇంత తక్కువా అని మా ఆవిడ అడిగితే, రేటింగ్ కూడా బాగుంది, రూములు కొత్తగా ఉన్నాయి అని చూపించాను. రేటింగ్ నిజమే. రూములు శుభ్రంగానే ఉన్నాయి, ఏసీ పనిచేసింది, రిసెప్షన్‌లో అబ్బాయి ఎంతో మర్యాదగా మాట్లాడాడు. హోటల్ వాళ్ల మీద నాకు ఏ కంప్లైంటూ లేదు. అక్కడికొచ్చే వాళ్లంతా పోర్టు పనులకో ఓఎన్‌జీసీ ప్లాంటు పనులకో వచ్చేవాళ్లట, వాళ్లకి ఆ హోటల్ సరైన చోటే ఉంది. పిల్లల్ని తీసుకుని ముంబై చూడ్డానికి వచ్చిన కుటుంబం తమ దగ్గర దిగడం చూసి వాళ్లే ఆశ్చర్యపోయారు.

ఇప్పుడు అసలు లెక్క చెప్తాను. ముంబై దక్షిణాన సన్నగా సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఊరు. గేట్‌వే, సీఎస్‌ఎంటీ అనే పెద్ద రైల్వే స్టేషన్, మెరైన్ డ్రైవ్ అన్నీ ఆ దక్షిణం కొసన ఉంటాయి. పడమర అరేబియా సముద్రం, తూర్పున హార్బర్. మీరు గేట్‌వేలో కంపాస్ ముల్లు గుచ్చి 12 కి.మీ. చుట్టు గీస్తే అందులో ఎక్కువ భాగం నీళ్లే పడతాయి, ఉత్తరం వైపు ఆ గీత దాదర్ దాటుతుంది, తూర్పు వైపు హార్బర్ దాటి ఎదుటి ఒడ్డున ఉరణ్‌ని తాకుతుంది. మీ లెక్క ప్రకారం రెండూ ఒకటే. మా ఊరి దగ్గరి మిడ్ మానేరు డ్యాం కట్ట మీద నిలబడి నీళ్లకి అవతల ఉన్న ఊరిని చూపించి "పక్కనే, నడిచి పోవచ్చు" అన్నట్టుంది ఇది. ఉరణ్ ముంబై జిల్లాలో లేదు, రాయగడ్ జిల్లా. రోడ్డు మీద పోవాలంటే 40 కిలోమీటర్ల పైనే, అది కూడా 2024 జనవరిలో హార్బర్ మీద అటల్ సేతు వచ్చింది కాబట్టి, ఆ వంతెన ఎక్కకుండా వాశీ మీదుగా చుట్టు తిరిగితే ఇంకా ఎక్కువ. మీ యాప్ ఉరణ్‌ని బాంద్రా కన్నా, అంధేరీ కన్నా దగ్గర అని చూపిస్తోంది. అంధేరీలో లోకల్ ట్రైన్ ఎక్కితే ఒకే బండిలో దక్షిణం కొసనున్న చర్చ్‌గేట్ స్టేషన్‌లో దిగొచ్చు. ఉరణ్ నుంచి ముందు నెరూల్‌కో బేలాపూర్‌కో పోయే బండి పట్టుకోవాలి, అవి అన్ని లోకల్ బండ్లలా నిమిషాల మీద రావు, అక్కడ దిగి సీఎస్‌ఎంటీకి పోయే హార్బర్ లైన్ లోకల్ మారి ఇంకో గంట. ఎదురుచూపులన్నీ కలుపుకుంటే రెండు గంటలకి తక్కువ కాదు. ఉరణ్ దగ్గర మోరా రేవు నుంచి ముంబైలో భావూచా ధక్కా రేవుకి లాంచీ ఉంది, హోటల్ అబ్బాయే చెప్పాడు, కానీ ఆటుపోట్లని బట్టి ఆ వేళలు మారతాయి, ఊగే లాంచీలోకి అమ్మని ఎక్కించే ధైర్యం మాకు లేదు.

కామారెడ్డిలో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పొద్దున్నే సీఎస్‌ఎంటీలో దిగాం. స్టేషన్ చూసి పిల్లలు నోరెళ్లబెట్టారు, అక్కడిదాకా అంతా బాగానే ఉంది. బయట కాలీపీలీ టాక్సీ అతనికి అడ్రస్ చూపిస్తే ఫోన్ రెండుసార్లు చదివి, ఇది ముంబైలో లేదు సాబ్, నేను అటు రాను అన్నాడు. ఇంకొకాయన రానంటే, మరొకాయన తిరుగు బాడుగ కూడా ఇవ్వాలన్నాడు. చివరికి యాప్‌లో పెద్ద కారు బుక్ చేసుకున్నాం, అటల్ సేతు టోల్ 250 విడిగా మాతోనే కట్టించాడు. వంతెన మీద నుంచి సముద్రం చూస్తూ పిల్లలు కేరింతలు కొట్టారు, నేను మాత్రం మీటర్ చూస్తూ కూర్చున్నా. రోజూ పొద్దున ఇటు, రాత్రి అటు ఇలాగే తిరగాలి కదా అని అప్పుడే టెన్షన్ మొదలైంది.

ఆదివారం ఎలిఫెంటా అనుకున్నాం, సోమవారం అక్కడ గుహలు మూసేస్తారు కాబట్టి. ఎలిఫెంటా దీవి ఉన్నది ఉరణ్ వైపు హార్బర్‌లోనే, కానీ టూరిస్టు లాంచీలు గేట్‌వే నుంచి. అంటే ఆ దీవిని దాటి అంత దూరం చుట్టు తిరిగి ముంబై పోయి, మళ్లీ పడవ ఎక్కి గంటసేపు ఇటే రావాలి. సరే పోదాం అని స్టేషన్‌కి పోతే ఆదివారం హార్బర్ లైన్‌లో మెగాబ్లాక్, మరమ్మతుల కోసం పగటిపూట కొన్ని గంటలు బండ్లు ఆపేస్తారట. ముంబైవాళ్లకి ఇది వారం వారం తెలిసిన సంగతే, వాళ్లు ముందే చూసుకుని బయల్దేరతారు. మాకు బేలాపూర్ ప్లాట్‌ఫారం మీద తెలిసింది. అమ్మ బెంచీ మీద కూర్చుని నేనింక రానురా, మీరు చూసి రండి అంది. ఎవరం పోలేదు. ఎలిఫెంటా ఇప్పటికీ చూడలేదు.

ఆ రాత్రే నేను మీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, మిగిలిన రాత్రులు రద్దు చేసి దాదర్‌లో మీ యాప్‌లోనే ఉన్న ఏదో ఒక హోటల్‌కి మార్చండి, తేడా డబ్బులు కడతాను అని అడిగాను. మీకు పోయేది ఏమీ లేదు, పైగా ఇంకో బుకింగ్ వచ్చేది. కుదరదన్నారు. హోటల్ మేనేజర్ అయితే మాకేం అభ్యంతరం లేదు, కంపెనీ సరే అంటే రద్దు చేస్తాం అని మెసేజ్ కూడా పెట్టాడు, అది జతచేశాను. అయినా మీరు ఒప్పుకోలేదు. మర్నాడు పొద్దున మా అంతట మేమే ఖాళీ చేసి దాదర్ ఈస్ట్‌లో ఒక లాడ్జికి మారాం, గదులు చిన్నవి, ఉరణ్‌లో ఉన్నంత కొత్తవేం కాదు. కానీ అక్కడి నుంచి సిద్ధివినాయక గుడికి టాక్సీలో కొద్దిసేపే, వెస్టర్న్ లైన్, సెంట్రల్ లైన్ రెండూ అక్కడే కలుస్తాయి, మెట్రో 3 దక్షిణం కొసదాకా నడుస్తోంది, దాంట్లో సిద్ధివినాయక్, మహాలక్ష్మి, సీఎస్‌ఎంటీ, చర్చ్‌గేట్ అన్నిటికీ స్టేషన్లున్నాయి, లిఫ్టులున్నాయి కాబట్టి అమ్మ కూడా హాయిగా వచ్చింది. పొద్దున టిఫిన్‌కి మాటుంగా పోతే ఇడ్లీ సాంబారు, ఫిల్టర్ కాఫీ. బాపు లోయర్ పరేల్ కూడా చూశాడు. దాదర్‌కి మారాక అమ్మ ఒక్కసారి కూడా నేను రానురా అనలేదు. మీ లెక్కలో మాత్రం ఈ రెండు చోట్లకీ తేడా ఒక్క కిలోమీటరు.

మీవాళ్లు ఫోన్‌లో "బుక్ చేసేముందు మ్యాప్ చూసుకోవాలి కదా సర్" అన్నారు. చూశానండీ, మీ యాప్‌లో ఉన్న మ్యాప్‌నే చూశాను. దాంట్లో హోటల్ గుర్తు, గేట్‌వే గుర్తు, రెంటికీ మధ్య చుక్కల గీత, దాని మీద 12 కి.మీ. అని ఉంది. ఆ గీత నీళ్ల మీద నుంచి పోతోంది అంటే, వంతెన ఉందేమో, పడవ ఉందేమో, ఏదో దారి ఉండబట్టే కదా మీరు ఆ దూరం రాశారు అనుకుంటారు ఎవరైనా. దారి లేని దూరాన్ని దూరం అని రాయడం ఎందుకసలు? మీ యాప్‌లోనే టాక్సీ బుక్ చేసే భాగం ఉంది, అక్కడ అదే హోటల్ నుంచి గేట్‌వేకి వెతికితే 40కి పైన కిలోమీటర్లు, గంటంపావు అని చూపిస్తోంది, అదీ జతచేశాను. అంటే రోడ్డు దూరం మీకు తెలుసు. బాడుగ తీసుకునేటప్పుడు ఒక లెక్క, రూము అమ్మేటప్పుడు ఇంకో లెక్క.

ఇప్పుడు నేను అడిగేది. మేం ఉండని రాత్రుల డబ్బు రెండు రూములకీ పూర్తిగా తిరిగి ఇవ్వాలి. ఉరణ్‌కి రాకపోకలకి అయిన కార్ల ఖర్చు, టోల్‌తో సహా, బిల్లులన్నీ పెట్టాను, అదీ ఇవ్వాలి. ఇక ఆ హోటల్‌ని ముంబై జాబితాలోంచి తీసి ఉరణ్, రాయగడ్ జిల్లా అని పెట్టండి, పోర్టు పనికి వచ్చేవాళ్లు అలాగైనా వెతుక్కుంటారు, హోటల్‌కి నష్టమేం లేదు. గీత దూరం తీసేసి రోడ్డు దూరం రాయండి. ముంబై వరకైనా ప్రతి హోటల్ పక్కన దగ్గరి స్టేషన్ ఏది, అది వెస్టర్నా సెంట్రలా హార్బరా, సీఎస్‌ఎంటీకో చర్చ్‌గేట్‌కో బండి మారకుండా పోవచ్చా లేదా అన్నది రాస్తే చాలు, ఆ ఊళ్లో అంతకన్నా పనికొచ్చే సమాచారం లేదు. బాంద్రా, సయన్ దాటి దక్షిణానికి ఆటోలు నడవవు, టాక్సీలే ఉంటాయి అన్న ముక్క కూడా రాయండి, ముసలివాళ్లతో వచ్చేవాళ్లకి ఆ లెక్క ముందే తెలియాలి. స్విమ్మింగ్ పూల్ ఉందా అని బొమ్మ పెట్టడానికి చోటున్నప్పుడు దీనికీ ఉంటుంది.

2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు మీరు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి నమోదు చేస్తాను, ఆ తర్వాత వినియోగదారుల కమిషన్‌కి పోతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక నేను ఉండేచోటే కేసు వేసుకోవచ్చు, మీ హెడ్ ఆఫీసు ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరికి రానక్కర్లేదు, ఐదు లక్షల లోపు కేసుకి ఫీజు కూడా లేదు.

డబ్బులు కట్టిన కార్డుకే వేయండి. మీ వాలెట్‌లో వేసి ఆరు నెలల్లో వాడుకోమంటే తీసుకోను, తర్వాతి ట్రిప్‌కి కూపన్ అసలే వద్దు.

ఇట్లు,
మీ కస్టమర్,
సిరిసిల్ల

జతచేసినవి: బుకింగ్ రసీదు, వెతికినప్పటి స్క్రీన్‌షాట్లు, టాక్సీ పేజీ స్క్రీన్‌షాట్, కార్ల బిల్లులు, హోటల్ మేనేజర్ మెసేజ్