ముళ్ల గడియారమా, అంకెల గడియారమా?

ప్రియమైన శేషగిరికి,

ఉభయకుశలోపరి. రోజూ కాలేజీకి పెట్టుకుని వెళ్లడానికి ఒక చేతి గడియారం కొనదలచుకున్నావనీ, మేనల్లుడేమో “అంకెలదే తీసుకో మామయ్యా” అంటుంటే చెల్లెమ్మ ముళ్లున్నదే హుందాగా ఉంటుందని పట్టుబడుతోందనీ రాసి, తగవు తీర్చే పని నాకు అప్పగించావు. హుందాతనం సంగతి చెల్లెమ్మకే వదిలేస్తాను. నేను నీ కళ్ల సంగతీ, నీ పాఠాల సంగతీ మాట్లాడతాను. రోజూ చార్జింగు పెట్టవలసిన స్మార్ట్‌వాచీల జోలికి పోను. నీవు ఫోనుకే చార్జింగు పెట్టడం మరచిపోయే మనిషివి.

మొదట మీ మేనల్లుడి వాదన చూద్దాం. అంకెల గడియారమే కచ్చితమైన సమయం చూపిస్తుందని అతను అంటున్నాడు కదా, సెల్లుతో నడిచే గడియారాల వరకు అందులో పస లేదు. రెండింటి లోపలా ఉండేది ఒకే రకం క్వార్ట్జ్ స్ఫటికం. అది సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను వరుసగా పదిహేను సార్లు సగం చేసుకుంటూ పోతే సెకనుకు ఒక్కటి మిగులుతుంది. ఆ ఒక్క స్పందన ముళ్ల గడియారంలో చిన్న మోటారును ఒక అడుగు తిప్పుతుంది, అంకెల గడియారంలో ఒక అంకెను మారుస్తుంది. నెలకు పదిహేను నుంచి ముప్పై సెకన్ల తేడా రెండింటికీ సహజమే. కాబట్టి కచ్చితత్వాన్ని బట్టి దేన్నీ ఎంచుకోనక్కరలేదు.

అసలు తేడా చూపులో ఉంది. మనిద్దరికీ చత్వారం వచ్చింది. బోర్డు మీద రాసి తిరిగేసరికి నీ కళ్లజోడు బల్ల మీదే ఉంటుందని నాకు తెలుసు. అంకెల గడియారంలో ప్రతి అంకె ఏడు గీతల కూర్పు. 8లో ఒక్క గీత లేకపోతే, ఆ గీతను బట్టి అది 6 కావచ్చు, 9 కావచ్చు, 0 కావచ్చు. చూపు మసకబారినవాడికి ఆ ఒక్క గీతే దొరకదు. అప్పుడు చేతిని దూరంగా చాపి, తల వెనక్కి వాల్చి, కళ్లు చిట్లించి చదవవలసి వస్తుంది. ముళ్ల గడియారంలో చదవవలసినదేమీ లేదు, రెండు ముళ్ల మధ్య కోణం చూస్తే చాలు. పెద్ద ముల్లు నిమిషానికి 6 డిగ్రీల చొప్పున జరుగుతుంది కాబట్టి, డయలు మీది గుర్తులన్నీ అలుక్కుపోయినట్టు కనిపించినా అయిదు నిమిషాల తేడా కంటికి తెలిసిపోతుంది. నా దగ్గర రెండు రకాలూ ఉన్నాయి. కళ్లజోడు లేకుండా నన్ను ఆదుకునేది ముళ్లదే.

ఇక నీ వృత్తి. పాఠం చెప్పేవాడు గడియారం చూసేది ఎంతయిందో తెలుసుకోవడానికి కాదు, ఇంకా ఎంత మిగిలిందో తెలుసుకోవడానికి. నీ పీరియడు 11.35కు మొదలై 12.25కు ముగుస్తుందనుకో. మధ్యలో 11.52 అన్న అంకెలు కనిపిస్తే, చెబుతున్న వాక్యం ఆపి, అరవై మీదుగా తీసివేత చేసుకోవాలి. ముళ్లదైతే పెద్ద ముల్లు ఉన్న చోటి నుంచి 5 అంకె దాకా డయలులో సగానికి కాస్త ఎక్కువే ఖాళీగా కనిపిస్తుంది. ఇంకో ఉదాహరణ చెప్పే వ్యవధి ఉందని లెక్క లేకుండానే తెలుస్తుంది. విద్యార్థులకు నీవు గడియారం చూశావన్న సంగతి కూడా తెలియదు, అది కూడా ఒక లాభమే అనుకుంటాను.

అంకెల గడియారాలను నేను చిన్నచూపు చూస్తున్నానని అనుకోకు. 1989 నుంచి అమ్ముడవుతున్న క్యాసియో ఎఫ్‌-91డబ్ల్యూనే తీసుకో. దాని బరువు 21 గ్రాములు, సెల్లు ఏడేళ్ల దాకా వస్తుందని తయారీదారు మాట. మామూలు ముళ్ల గడియారానికి రెండు మూడేళ్లకే సెల్లు మార్పించాలి. మాత్రలు వేసుకోవడానికి అలారం, ల్యాబులో ప్రయోగాలకు స్టాప్‌వాచీ ఉంటాయి. తేదీ విషయంలోనైతే అంకెలదే పైచేయి. ముళ్ల గడియారంలోని తేదీ చక్రానికి ప్రతి నెలా 31 రోజులే కనుక, ఏడాదికి అయిదుసార్లు మనమే సరిదిద్దాలి. పైగా చాలావాటిలో రాత్రి తొమ్మిది మొదలు తెల్లవారుజాము దాకా తేదీ తిప్పితే పళ్లచక్రాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఎఫ్‌-91డబ్ల్యూకు తెలియనిది లీపు సంవత్సరం ఒక్కటే, అంటే నాలుగేళ్లకొకసారి దిద్దితే సరిపోతుంది.

అయితే నీవు స్కూటరు నడుపుతావు. హ్యాండిలు పట్టుకున్న చేతి మీది ఎల్‌సీడీ తెరను ఏటవాలుగా చూస్తే అంకెలు పాలిపోతాయి. నీవు పెట్టుకునే పోలరైజ్డ్ నల్ల కళ్లద్దాల్లోంచి చూస్తే ఒక్కో కోణంలో తెర మొత్తం నల్లబడుతుంది కూడా. చీకట్లో దీపం మీట నొక్కడానికి రెండో చెయ్యి కావాలి. ఆ ఇబ్బంది ఈ జాతికి పుట్టుకతోనే ఉంది: 1972లో మార్కెట్టులోకి వచ్చిన తొలి అంకెల చేతి గడియారం, హామిల్టన్ వారి పల్సర్, మీట నొక్కితే తప్ప సమయం చూపేది కాదు. బంగారు తొడుగుతో దాని ధర 2,100 డాలర్లు! అంత డబ్బు పోసి, టైము చూడటానికి రెండు చేతులూ వాడినవారిని తలచుకుంటే నాకు నవ్వొస్తుంది.

మీ నాన్నగారి హెచ్ఎంటీ జనతాను సర్వీసు చేయించి రోజూ పెట్టుకోవచ్చా అని కూడా అడిగావు. వద్దు. రోజూ కీ ఇవ్వడం కష్టమని కాదు. అంత పాత గడియారం కాకినాడ ఉక్కపోతనూ వాననూ తట్టుకోదు, రోజుకు కొన్ని సెకన్లు అటూ ఇటూ అవుతుంది. పైగా 2016లో ప్రభుత్వం ఆ వాచీల కంపెనీని మూసివేయడానికి నిర్ణయించింది కనుక అసలైన విడిభాగాల కోసం వెతుక్కోవాలి. దాన్ని పండుగలకు ఉంచుకో.

కాబట్టి క్వార్ట్జ్ ముళ్ల గడియారమే తీసుకో. తెల్ల డయలు మీద నల్ల ముళ్లు ఉండాలి. వెండి డయలు మీద వెండి ముళ్లు షోకేసులో అందంగా ఉంటాయి గాని వెలుతురు తగ్గితే కనబడవు. నిమిషాల గీతలూ, సెకన్ల ముల్లూ తప్పనిసరి. తేదీ గడి లేనిదే మేలు. చత్వారంతో ఆ గడి ఎలాగూ కనిపించదు, దిద్దే పనీ తప్పుతుంది. వెనుక 30 మీటర్లని రాసి ఉంటే అంత లోతుకు దిగవచ్చని అర్థం కాదు, చేతులు కడుక్కున్నప్పుడు పడే తుంపర్లకు ఆగుతుందని మాత్రమే. వానలో స్కూటరు నడిపేవాడివి, 50 మీటర్లది చూసుకో. తోలు పట్టీ మీ ఊరి చెమటకు నాలుగు నెలల్లో వాసన కొడుతుంది, స్టీలుదో నైలానుదో వేయించు. సెల్లు మార్పించేటప్పుడు వెనుక మూతలోని రబ్బరు రింగు సరిగా కూర్చుందో లేదో దగ్గరుండి చూడు.

మేనల్లుడు అలిగితే అతనికే ఒక ఎఫ్‌-91డబ్ల్యూ కొనిపెట్టు. చెల్లెమ్మకు నా నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు. కొన్నాక ఏది కొన్నావో వెంటనే రాయి.

నీ
మూర్తి