పిన్ని, గేదె, వారం కిస్తీ

ఒరేయ్ శీనూ,

జవాబు రాయలేదని తిట్టుకుంటున్నావా? మొన్న ఊరెళ్లొచ్చా. చిన్న అప్పులతో పేదరికం పోతుందా అని అడిగావుగా, మా పిన్ని సంగతి చెప్తా విను.

మనం బడికెళ్లే రోజుల్లో ఆడవాళ్లంతా రోజుకో రూపాయి పొదుపు చేసేవాళ్లు, గుర్తుందా? ఆ డ్వాక్రా సంఘం పేరుమీద బ్యాంకు లోను వచ్చింది, తర్వాత పావలా వడ్డీ వచ్చింది. పిన్ని మొదటి గేదెను కొన్నది దాంతోనే.

రెండో గేదె దగ్గరే వచ్చింది చిక్కు. 2009లో చిన్న అప్పులిచ్చే ఓ ప్రైవేటు కంపెనీ కుర్రాడు బండేసుకొచ్చి వారం తిరక్కుండా పదివేలు చేతిలో పెట్టాడు. వారానికి 225 చొప్పున 50 వారాలు. నూటికి పన్నెండున్నరే అన్నాడు. అసలు వారం వారం తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొత్తం పదివేలకీ! లెక్కేస్తే ఏడాదికి పాతిక దాకా తేలింది. అయినా నెలకి నూటికి మూడు రూపాయలు గుంజే మా ఊరి షావుకారు కన్నా నయమేలే.

వడ్డీ కన్నా వారమే పిన్నిని చంపింది. డెయిరీ డబ్బులు పదిహేను రోజులకోసారి. కిస్తీ మాత్రం ప్రతి మంగళవారం పొద్దున్నే, అరుగుమీద. అప్పు ఐదుగురి గుంపుకి, ఒకరు కట్టకపోతే మిగతా నలుగురూ లేవడానికి లేదు. గేదె ఒట్టిపోయిన నెలల్లో ఆ కిస్తీ కోసం ఇంకో కంపెనీలో అప్పు, దానికోసం మరోటి. బియ్యం డబ్బా కింద మూడు అప్పు పుస్తకాలు!

2010 అక్టోబరులో ఈ కంపెనీలకి పగ్గం వేస్తూ రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వారం వసూళ్లు పోయి నెలవారీ అయ్యాయి, ఇంటిమీదికి రావడం ఆగింది. పిన్ని ఊపిరి పీల్చుకుంది. కానీ జనం కట్టడం మానేశారు, కంపెనీలు మూటాముల్లె సర్దుకున్నాయి. మరుసటేడు విత్తనాలకి మళ్లీ షావుకారే దిక్కయ్యాడు. అందుకే నేను ఎవర్నీ పూర్తిగా తిట్టలేను.

తర్వాత నోబెల్ అందుకున్న ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో వాళ్లు ఈ చిన్న అప్పులతో ఏం మారిందో హైదరాబాద్‌లో 104 బస్తీల్లో చూశారు. అప్పటికే కొట్టో, వ్యాపారమో ఉన్నవాళ్లు కాస్త పెంచుకున్నారట. ఇంటి ఖర్చు మొత్తంగా చూస్తే పెద్దగా పెరగలేదట. పిన్నికి చెప్తే, "గేదె ఉన్నోడికి ఇంకో గేదె. లేనోడికి కిస్తీ. ఇది కనుక్కోడానికి అంత దూరం నుంచి రావాలా?" అంది.

ఇప్పుడు పిన్ని సంఘం లోనుతోనే నెట్టుకొస్తోంది. గేదె ఈ నెలాఖరుకి ఈనుతుందట. జున్ను కావాలంటే అప్పటికి వచ్చెయ్.

నీ
రాఘవ