ఎస్టిమేట్ ఎంత, చేతికొచ్చేది ఎంత

నమస్తే అండి. విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకి కారు తెచ్చేవాళ్లందరికీ ఒక మాట చెప్పాలి. ముందు నా తప్పు ఒప్పుకుని మొదలుపెడతాను.

మొన్న వానల్లో ఒక మాస్టారి కారు వచ్చింది. రాత్రిపూట నీళ్లు నిండిన గుంత కనపడక ముందు ఎడమ చక్రం దిగబడింది. టైరు పక్కభాగం కోసుకుపోయింది, అల్లాయ్ రిమ్ము అంచు సొట్టపోయింది, లోయర్ ఆర్మ్ వంగింది, చక్రం లోపలి ప్లాస్టిక్ లైనర్ చిరిగింది. నేను 22,500 ఎస్టిమేట్ రాసి, "టెన్షన్ పడకండి మాస్టారూ, ఇన్సూరెన్స్‌లో వచ్చేస్తుంది" అన్నాను. చివరికి ఆయన ఖాతాలో పడింది 14,550. "ఏమయ్యా, మిగతా ఎనిమిది వేలు ఎవరిస్తారు? నువ్విస్తావా?" అని షెడ్డు గుమ్మంలో నిలబడి అడిగారు. నా దగ్గర జవాబు లేదు. లేబర్‌లో కొంత తగ్గించి పంపాను గానీ, ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

డబ్బు ఎక్కడ తెగిందో చూడండి. టైరు 6,000. మామూలు ప్యాకేజీ పాలసీలో (సొంత బండి డ్యామేజీ, ఎదుటివాళ్ల నష్టం రెండూ కలిసి ఉండేది) టైరుకి సగమే ఇస్తారు, అంటే 3,000. టైరు కొన్నది నిన్నే అయినా అంతే. రిమ్ము 9,000, లోయర్ ఆర్మ్ 3,200. ఇవి ఇనుము, అల్యూమినియం సామాన్లు కాబట్టి బండి వయసును బట్టి తరుగు పట్టుకుంటారు. మాస్టారి బండికి మూడున్నరేళ్లు, అందుకని 25 శాతం పోయి 6,750, 2,400 ఇచ్చారు. లైనర్ ప్లాస్టిక్, దానికీ సగమే: 1,800కి 900. లేబర్ 2,500 పూర్తిగా ఇచ్చారు. అన్నీ కలిపితే 15,550. అందులోంచి ప్రతి క్లెయిముకీ మన వాటాగా కట్టాల్సిన వెయ్యి తీసేశారు. 1500 సీసీ దాటిన కారైతే అది రెండు వేలు. ఇది కాక, ముందు రెండు టైర్లూ సమానంగా అరిగి ఉండాలని కుడివైపుకి కూడా కొత్త టైరు వేయించుకున్నారు. దానికి దెబ్బే తగల్లేదు కాబట్టి ఆ 6,000 పూర్తిగా ఆయన జేబులోదే.

ఇదంతా పాలసీ కాగితంలో ఉన్నదే. నాకు తెలియక కాదు, గిరాకీ పక్క షెడ్డుకి పోతుందేమోనని నోరు విప్పలేదు.

జీరో డిప్, అంటే తరుగు పట్టుకోకుండా ఇచ్చే అదనపు కవర్, ఉంటే అన్నీ వచ్చేస్తాయని చాలామంది నమ్మకం. రిమ్ముకీ లైనర్‌కీ తరుగు పట్టుకోరు, నిజమే. టైరుకి మాత్రం చాలా పాలసీల్లో ఆ సగం కోత అలాగే ఉంటుంది. టైర్ల కోసం వేరే యాడ్-ఆన్ (అదనపు కవర్) తీసుకోవాలి. అందులోనూ పంచరు ఖర్చు, మామూలు అరుగుదల రావు.

ఇప్పుడు అసలు ఇబ్బంది. బండికి ఇంకే దెబ్బా లేకుండా టైరు ఒక్కటే పోతే మామూలు పాలసీలో రూపాయి కూడా రాదు. ఈ సంగతి తెలిసినవాళ్లు మెల్లగా పక్కకి పిలిచి, "బంపర్‌కి కూడా ఓ దెబ్బ వేసి ఫొటో తియ్యి తమ్ముడూ" అంటున్నారు. ఈ నెలలో ఇప్పటికే ముగ్గురు అడిగారు. ఆ పని నేను చేయను. అడిగినందుకు కోపం లేదండి, మళ్లీ అడగొద్దు.

కొన్నిసార్లు క్లెయిమ్ వద్దని నేనే చెబుతాను, దాన్ని తప్పుగా అనుకోకండి. మూడేళ్లు క్లెయిమ్ లేకపోతే నో క్లెయిమ్ బోనస్, అంటే సొంత బండి డ్యామేజీ ప్రీమియంలో తగ్గింపు, 35 శాతం, మరుసటి ఏడాది 45, ఆ పైన 50. ఒక్క క్లెయిమ్ చేశారా, మళ్లీ సున్నా నుంచి మొదలు. సొంత బండి డ్యామేజీకి కట్టే ప్రీమియం 9,000 అనుకుంటే, 45 శాతం పోవడమంటే ఒక్క ఏడాదికే 4,050. చేతికి మూడు వేలు వచ్చే పనికి ఎందుకండీ క్లెయిమ్?

ఇంకొకటి. దారిలో టైరు పగిలితే స్టెప్నీ వేసుకుని, పాత టైరుని పంచరు కొట్టు దగ్గర పడేసి వస్తున్నారు. పోయిన వారం ఒకాయన అలాగే వచ్చారు. నష్టం లెక్కగట్టడానికి కంపెనీ పంపే సర్వేయర్ వచ్చి "టైరేదండీ?" అంటే అందరం మొహాలు చూసుకున్నాం. సర్వేయర్ టైరు మీది నంబరు చూస్తాడు, గాడి ఎంత లోతుందో కొలుస్తాడు. గాడి 1.6 మిల్లీమీటర్లకి దిగిందంటే ఆ టైరు పని ఎప్పుడో అయిపోయినట్టే. పగిలిన టైరు డిక్కీలో వేసుకునే రండి.

టైరు పక్కన సగం నిమ్మకాయంత బుడగ లేచినా నెలల తరబడి తిరిగేవాళ్లున్నారు. లోపల దారాలు తెగితేనే ఆ బుడగ వస్తుంది. దానికి ప్యాచ్ లేదు, టైరు మార్చాల్సిందే.

ఈ నెల నుంచి మా ఎస్టిమేట్ కాగితంలో రెండు వరసలుంటాయి: మొత్తం ఖర్చు, మీ చేతి నుంచి పడేది. రెండోది నా అంచనా, సర్వేయర్ లెక్కలో అటూ ఇటూ కావచ్చు. కొన్నిసార్లు పాత సామాను విలువ కింద కూడా కొంచెం కోయొచ్చు. మాది క్యాష్‌లెస్ షెడ్డు కాదు. ముందు మీరు బిల్లు కట్టాలి, డబ్బు తర్వాత మీ ఖాతాలో పడుతుంది. కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకున్నాకే, సర్వేయర్ చూసి వెళ్లాకే బండి విప్పుతాం. తొందరగా ఇవ్వమంటే ఈ ఒక్క విషయంలో నా వల్ల కాదు.

కంపెనీ అన్యాయంగా కోసిందనిపిస్తే ముందు వాళ్లకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నెలలో తేలకపోతే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి (ఇలాంటి ఫిర్యాదులు విని తేల్చే అధికారి) రాయొచ్చు, ఫీజు ఉండదు. బిల్లు వివరాలు, ఫొటోలు ఏవి కావాలన్నా మా దగ్గర తీసుకోండి.

మాస్టారు మొన్న అలైన్‌మెంట్‌కి వచ్చారు. కొత్త కాగితం చేతికిస్తే కళ్లజోడు సర్దుకుని రెండో వరస రెండుసార్లు చదివి, "ఇది అప్పుడే ఇవ్వాల్సింది కదయ్యా" అన్నారు.