ధనుష్కోటి స్టేషన్‌ను దెయ్యాల ఊరు అనకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

రామేశ్వరం వెళ్లిన మనవాళ్లు ధనుష్కోటి చూడకుండా వెనక్కి రారు. ఈమధ్య మేమూ వెళ్లాం. వ్యాన్ ఆగగానే 'దెయ్యాల ఊరు వచ్చింది, పావుగంటలో చూసి రండి' అన్నాడు డ్రైవర్. ఆ మాటకు మనసు చివుక్కుమంది.

స్టేషన్ అని చూపించిన చోట మిగిలినవి మొండిగోడలే. పగడపు రాయితో కట్టినవి. పైపూత ఊడిపోయి, రాళ్లు బొరియలు బొరియలుగా తేలాయి. చెయ్యి ఆనిస్తే పొడి రాలుతోంది. ఆ రాళ్ల మీద తాళంచెవితో చెక్కిన పేర్లు. అందులో మన తెలుగు పేర్లూ ఉన్నాయి. మేం చూస్తుండగానే ఒక కుర్రాడు గోడెక్కి ఫొటో దిగాడు.

1914లో సముద్రం మీద కట్టిన పాంబన్ వంతెన మీదుగా రైళ్లు మొదలయ్యాక ఎంత హడావిడిగా ఉండేదో ఈ స్టేషన్! మద్రాసులో బోట్ మెయిల్ అనే రైలు ఎక్కినవాళ్లు ఇక్కడ దిగి, స్టీమర్ మీద శ్రీలంకలోని తలైమన్నార్ చేరి, అక్కడ మళ్లీ రైలెక్కి కొలంబో వెళ్లేవారు. 1964 డిసెంబర్ 22 అర్ధరాత్రి తుఫానులో పాంబన్ నుంచి 653 నంబరు ప్యాసింజర్ బయల్దేరింది. ధనుష్కోటి దగ్గరపడేసరికి సిగ్నల్ దీపం కనబడలేదని చెబుతారు. ఉప్పెన బోగీలన్నిటినీ ఊడ్చుకుపోయింది. వందమందికి పైగా ఉన్న ఆ రైల్లో ఒక్క ప్రాణం మిగల్లేదు. 1977లో దివిసీమను చూసిన మనకు ఆ రాత్రి ఎలా గడిచి ఉంటుందో ఒకరు చెప్పాలా?

తుఫానుకు దెబ్బతిన్న వంతెనను 46 రోజుల్లో నిలబెట్టిన ఇంజినీరు శ్రీధరన్ గారు మా కాకినాడ ఇంజినీరింగ్ కాలేజీలో చదివినవారే. వంతెన లేచింది కానీ ధనుష్కోటికి పట్టాలు మళ్లీ పడలేదు. కొత్త లైనుకు 2019లో శంకుస్థాపన చేశారు. లైను సంగతి ఎలా ఉన్నా, ఈ గోడలు అంతవరకు ఆగవు.

దక్షిణ రైల్వే, తమిళనాడు ప్రభుత్వం కలిసి ఈ గోడలను గట్టిపరచాలి. ఎవరూ ఎక్కకుండా కాపలా పెట్టాలి. 653 ప్యాసింజర్ కథ తెలుగులోనూ చదువుకునేలా బోర్డు ఉండాలి. మన ట్రావెల్స్ వాళ్లకూ ఒక విన్నపం. రామేశ్వరం నుంచి బండి కదిలాక, దారిలోనే ఆ రాత్రి ఏం జరిగిందో యాత్రికులకు చెప్పండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, కాకినాడ