అడ్మిషన్ ఫారంలో మనిషి ఏడీ?

ఎడిటర్ గారికి,

విశాఖలోనూ శివార్లలోనూ వృద్ధులను చూసుకునే హోమ్‌లు పెరిగాయి. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండే ఇళ్లకు వీటి అవసరం ఉంది, తప్పుపట్టాల్సిన పని లేదు. కానీ డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు) ఉన్నవారిని చేర్చుకునేటప్పుడు నింపే ఫారం ఒకసారి చూడండి. ఆధార్, బీపీ, షుగరు, వాడే మందులు, డిపాజిట్, అర్ధరాత్రి ఫోన్ చేయాల్సిన నంబరు ఉంటాయి. ఆయన ఏ ఉద్యోగం చేశారు, ఎన్నింటికి లేస్తారు, ఏమని పిలిస్తే పలుకుతారు, ఇవేవీ ఉండవు. తన సంగతి తాను చెప్పుకోలేని మనిషి గురించి, రోజంతా పక్కనుండే ఆయాకు తెలిసేది మంచం నంబరు, డైపర్ సైజు. మేం అడిగేది ఒక్కటే. చేర్చిన వారంలోపు కుటుంబం, హోమ్ కూర్చుని ఒక పేజీ రాయాలి. అది ఆఫీసు బీరువాలోకి పోకుండా ఆయా చేతికి అందే చోట ఉండాలి.

అందులో పెద్ద చరిత్ర అక్కర్లేదు, రోజూ పనికొచ్చే సంగతులు చాలు. ముందు పిలుపు. జీవితమంతా బడిలో పాఠాలు చెప్పినాయన ‘తాతా’ అంటే తల తిప్పకపోవచ్చు, ‘మాస్టారూ’ అంటే తిప్పుతారు. తర్వాత ఇంటి భాష. ఈ ఊళ్లో ఒడియా, బెంగాలీ, హిందీ మాట్లాడే కుటుంబాలు తక్కువేం కాదు. జబ్బు ముదిరేకొద్దీ తర్వాత నేర్చుకున్న తెలుగు జారిపోయి చిన్ననాటి భాష మిగలడం తరచూ జరుగుతుంది. నీళ్లు, నొప్పి, బాత్‌రూం, ఆకలి లాంటి పది మాటలను ఆ భాషలో, తెలుగు అక్షరాలతో రాసి గోడకు అంటిస్తే ఆయాకు దారి దొరుకుతుంది. నిద్ర వేళలూ రాయాలి. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారకముందే పనిలోకి దిగినవారు, స్టీల్‌ప్లాంటులో నైట్ షిఫ్టులు చేసినవారు రాత్రి రెండింటికి లేచి తలుపు వైపు నడిస్తే అది పాత అలవాటు కావచ్చు. బాత్‌రూంకి తీసుకెళ్లి, కాసిని పాలిచ్చి, వరండాలో నాలుగడుగులు వేయిస్తే చాలామంది మళ్లీ పడుకుంటారు. నిద్రమాత్ర వేస్తే తెల్లవారి మగతలో కిందపడొచ్చు, తుంటి ఎముక విరగొచ్చు.

ఆడవాళ్ల విషయంలో ఇంకో మాట. డైపర్ మార్చడానికి వీలని చీర తీసేసి నైటీ వేస్తారు, జుట్టు కత్తిరిస్తారు. అరవై ఏళ్లు పమిట సర్దుకున్న చెయ్యి భుజం మీద బట్ట కోసం తడుముకుంటూనే ఉంటుంది. దాన్ని ‘బట్టలు పీక్కుంటోంది’ అని రిజిస్టరులో రాస్తారు! నైటీ మీద ఒక కండువా వేస్తే పోయేదానికి మందు దాకా వెళ్లడం ఎందుకు?

హోమ్‌లలో ఎక్కువ పెనుగులాట స్నానం దగ్గరే. ఆరు నుంచి ఎనిమిదిలోపు అందరికీ అయిపోవాలి కాబట్టి ఇద్దరు పట్టుకుని, బట్టలన్నీ ఒకేసారి విప్పి, నెత్తిన చెంబుడు నీళ్లు గుమ్మరిస్తారు. ఏం జరుగుతోందో అర్థంకాని మనిషికి అది దాడే. కొట్టడం, గిల్లడం అక్కడే మొదలవుతాయి. చేయాల్సిన తీరు వేరు. నీళ్లు, సబ్బు, తువ్వాలు, ఉతికిన బట్టలు ముందే సిద్ధం చేసుకుని ఆ తర్వాతే మనిషిని తీసుకెళ్లాలి. గోరువెచ్చని నీళ్లు ముందు చేతికి తగిలించి చూపాలి. భుజాల చుట్టూ తువ్వాలు ఉంచి, పాదాల నుంచి పైకి, ఒక్కో భాగమే తెరిచి కడగాలి. తల చివర, లేదంటే వేరే రోజు. చెంబు ఆయన చేతికే ఇస్తే తనే పోసుకునేవారు చాలామంది. ఆడవాళ్లకు ఆడ ఆయానే ఉండాలి. వద్దంటే ఆపి, ఇరవై నిమిషాలాగి మళ్లీ అడగాలి. అప్పటికీ కుదరకపోతే వేడినీళ్లలో పిండిన తువ్వాళ్లతో మంచం మీదే తుడిచినా శుభ్రత చెడదు. డ్యూటీ నుంచి వచ్చి సాయంత్రం స్నానం చేసే అలవాటున్నవారికి పొద్దున్నే చేయించాలన్న పట్టుదల ఎవరి కోసం?

అరుపులు, తిరుగుడు కనిపించగానే మాత్ర వైపు చెయ్యి పోతుంది. దానికి ముందు వెతకాల్సినవి ఉన్నాయి. మలబద్ధకం, మూత్రం ఆగిపోవడం, దాహం (మన ఉక్కపోతలో ఇది మరీ ఎక్కువ), చెవిలో గులిమి, వదులైన పళ్లసెట్టు, కీళ్లనొప్పి. మాట రానివారి నొప్పిని పెయినాడ్ అనే కొలమానంతో నర్సు ఐదు నిమిషాల్లో చూడొచ్చు. ఊపిరి, మూలుగు, ముఖం, ఒళ్లు బిగపట్టడం, ఓదారిస్తే తగ్గుతున్నారా, ఈ ఐదింటికీ 0 నుంచి 2 దాకా, మొత్తం 10 మార్కులు. నార్వేలో 18 నర్సింగ్ హోముల్లో 352 మంది మీద జరిగి 2011లో వెలువడిన అధ్యయనంలో, ఎక్కువగా పారాసిటమాల్‌తోనే, క్రమపద్ధతిలో నొప్పికి మందు ఇచ్చినప్పుడు ఆందోళన గణనీయంగా తగ్గింది. హాలోపెరిడాల్, క్వెటియాపిన్ లాంటి మానసిక జబ్బుల మందులు డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో మరణ ముప్పు పెంచుతాయి. ఈ తరహా కొత్త మందుల మీద 2005లో, పాతవాటి మీద 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ) హెచ్చరిక ఇచ్చింది. డిమెన్షియాలోనే లెవీ బాడీ అనే రకం ఉన్నవారికి వీటిలో ఒక్క డోసుకే ఒళ్లు కొయ్యబారిపోవచ్చు. తప్పనిసరై డాక్టరు రాస్తే ఎందుకు, ఎన్నాళ్లు అన్నది పేజీలో ఉండాలి, కనీసం ఆరు వారాలకోసారి సమీక్షించాలి. రెండు మూడు రోజుల్లోనే మనిషి హఠాత్తుగా మారిపోతే ‘జబ్బు ముదిరింది’ అనుకోకండి. ఇన్ఫెక్షనో, సోడియం పడిపోవడమో అయి ఉండొచ్చు, అదే రోజు డాక్టరుకు చూపించాలి.

కుర్చీకి చీరతో కట్టేయడం గురించి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక అనారోగ్యాన్ని నిర్వచిస్తూ జ్ఞాపకశక్తి రుగ్మతనూ చేర్చింది. ఆ చట్టం కిందికొచ్చే కేంద్రాల్లో, తక్షణ హాని ఆపడానికి వేరే దారి లేనప్పుడు, మానసిక వైద్యుడి అనుమతితోనే కట్టాలి, కారణం, ఎంతసేపు అన్నది రాయాలి. సిబ్బంది చాలడం లేదన్న సాకు చెల్లదని 97వ సెక్షన్ నేరుగా అంటుంది. వృద్ధాశ్రమాల తనిఖీకి వచ్చే అధికారులు మంచాలు, టాయిలెట్లు లెక్కపెట్టడంతో ఆగకుండా ఈ పేజీని, మగత కలిగించే మందుల రిజిస్టరును అడిగి చూడాలి.

ఇదంతా ఆయాలతోనే జరగాలి. వారం వారం వార్డు మార్చేస్తే ఎవరి పేజీ ఎవరికీ గుర్తుండదు. ఆరుగురికి ఒకే ఆయాను కనీసం మూడు నెలలు ఉంచాలి, షిఫ్టు మారేటప్పుడు ఇద్దరూ పది నిమిషాలు కలిసేలా జీతంతో కూడిన సమయం ఇవ్వాలి. యాజమాన్యాలు ఒప్పుకోనిది ఈ పది నిమిషాలకే, ఎందుకంటే ఖర్చంతా అక్కడే.

కుటుంబాలు మూడు నెలలకోసారి పేజీని తిరగరాయాలి, జబ్బు మారుతుంది కాబట్టి. ఆస్పత్రికి తరలిస్తే నకలు కేస్ షీటుతో పాటు వెళ్లాలి, దాని వెనక కళ్లజోడు, పళ్లసెట్టు, వినికిడి మిషన్ అని రాసి ఉండాలి. అంబులెన్స్ ఎక్కించే హడావిడిలో హోమ్‌లో మర్చిపోయేవి ఈ మూడే.

– వృద్ధుల సంరక్షణలో పనిచేస్తున్న నర్సులు, విశాఖపట్నం